చిత్రిక పట్టే ముందు బందులు చూడండి: ఇంటి తలుపుల బిగింపు, సర్దుబాటు

మీరు అడిగినవి మూడు విషయాలు. కాకినాడలోని మీ ఫ్లాట్‌లో పడకగది ఫ్లష్ తలుపు (రెండు ముఖాలకూ ప్లైవుడ్ పొర ఉండే చదును తలుపు) వానలు మొదలైనప్పటి నుంచి గడియవైపు పైమూలలో ద్వారబంధానికి ఒరుసుకుంటోంది, అదే వైపు కిందిమూల నేలను గీస్తోంది; చూడటానికి వచ్చిన వడ్రంగి చిత్రిక పట్టి అంచు చెక్క కొద్దిగా తీసేస్తే సరిపోతుందన్నాడు. స్నానాలగది తలుపు దగ్గరగా వేసినా నిలవకుండా తనంతట తానే తెరుచుకుంటోంది. సామాన్లగదికి కొత్త తలుపును మీరే బిగించుకోవాలనుకుంటున్నారు. మూడింటికీ వివరంగా జవాబు చెబుతాను గానీ, అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది: పడకగది తలుపుకు ఇప్పుడే చిత్రిక పట్టించకండి. బందుల దగ్గర, అంటే రెండు రేకులూ మధ్య గొట్టంలో కడ్డీ ఉండి తలుపును ద్వారబంధానికి కలిపే హింజీల దగ్గర, చేసిన సర్దుబాటు నచ్చకపోతే అరగంటలో వెనక్కి తీసుకోవచ్చు. తలుపు అంచు నుంచి ఒకసారి తీసేసిన చెక్కను మాత్రం ఎవరూ తిరిగి పెట్టలేరు.

తలుపు ఒరుసుకోవడానికి ప్రధానంగా రెండు కారణాలుంటాయి. ఒకటి తలుపు వాలడం, రెండవది చెక్క ఉబ్బడం. రెండింటినీ విడదీసి చూడటానికి పనిముట్లేమీ అక్కరలేదు. పగటిపూట తలుపు మూసి, గదిలోపల నిలబడి, ద్వారబంధానికీ తలుపుకూ మధ్యనున్న సందును చుట్టూ పరిశీలించండి. పైనా, రెండు పక్కలా 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఇప్పటి రూపాయి నాణేలు రెండు జతగా పెడితే దాదాపు అంత మందం ఉంటుంది. తలుపు వాలినట్లయితే, పైసందు బందులవైపు సన్నగా మొదలై గడియవైపుకు వెళ్ళేకొద్దీ వెడల్పవుతుంది; బందులవైపు నిలువు సందు పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపిస్తుంది; గడియవైపు పైమూల ద్వారబంధానికి తగులుతుంది, కిందిమూల నేలకు దిగుతుంది. చెక్క ఉబ్బినట్లయితే పైసందు ఈ చివరి నుంచి ఆ చివరికి సమానంగానే ఉంటుంది, కానీ గడియవైపు నిలువు సందు పైనుంచి కిందిదాకా ఒకేలా మూసుకుపోతుంది. చెక్క తేమ పీల్చుకున్నప్పుడు ఈనెకు (చెక్క నారకు) అడ్డంగా ఉబ్బుతుందే తప్ప పొడవునా లెక్కలోకి వచ్చేంతగా పెరగదు. అందువల్ల తలుపు వెడల్పు పెరుగుతుంది, ఎత్తు పెరగదు. మీ తలుపు పైమూలలోనూ నేలమీదా ఒకేసారి తగులుతోందంటే అది వాలిందని నేను దాదాపు నిశ్చయంగా చెప్పగలను. వానాకాలపు ఉబ్బు అప్పటికే ఉన్న లోపాన్ని బయటపెట్టిందంతే.

నిర్ధారించుకోవడానికి ఇంకొక పరీక్ష ఉంది. తలుపును సగం తెరిచి, గడియవైపు కింది అంచును రెండు చేతులతో పట్టుకొని మెల్లగా పైకెత్తండి. అదే సమయంలో ఇంట్లో ఇంకొకరిని పైబందును దగ్గర నుంచి చూడమనండి. రేకు ద్వారబంధం నుంచి లేస్తున్నట్టు కదిలితే స్క్రూలు పట్టు వదిలాయన్నమాట. రేకులు కదలక, మధ్యనున్న గొట్టంలో కడ్డీ మాత్రమే ఊగితే బందే అరిగిపోయింది. దానికి కొత్త బందు తప్ప మందు లేదు. రెండూ కదలకపోతే, ద్వారబంధమే గోడలో వదులైందేమో తలుపును ఆడిస్తూ చూడాలి. ఇదే పరీక్షలో ద్వారబంధాన్ని బందుల చుట్టూ వేలి కణుపుతో తట్టి చూడండి. బోలుగా మోగితే, లేదా స్క్రూ విప్పినప్పుడు మట్టిలాంటి పొడి రాలితే, అది చెదల పని; ఆ చెక్కకు ఏ స్క్రూ బిగించినా నిలవదు, ముందు చెదల మందు, ఆ తరువాత పాడైన ముక్క మార్చడం జరగాలి.

పైబందు ఎందుకు వదులవుతుందో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే 35 మిల్లీమీటర్ల మందం, 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న ఫ్లష్ తలుపు సుమారు 30 నుంచి 40 కిలోల బరువుంటుంది. ఆ బరువు గడియవైపుకు వేలాడుతూ పైబందును ద్వారబంధం నుంచి బయటికి లాగుతుంది, కిందిబందును ద్వారబంధంలోకి నొక్కుతుంది. కాబట్టి పైబందు స్క్రూలు మిగతా వాటికంటే గట్టిగా ఉండాలి. మన దగ్గర జరిగేది దీనికి విరుద్ధం. పని త్వరగా అయిపోవాలని చాలామంది స్క్రూను సుత్తితో ముప్పాతిక వంతు కొట్టేసి, చివరి రెండు చుట్లు మాత్రం తిప్పుతారు. అలా దిగిన స్క్రూ మరల మధ్య చెక్క నార తెగిపోతుంది. కొత్తలో బిగువుగానే కనిపిస్తుంది గానీ రెండు మూడు ఏళ్ళలో వేలితో తిప్పినా తిరుగుతుంది. మీ ఇంట్లో పైబందు స్క్రూ ఒకటి విప్పి దాని తల చూడండి. నక్షత్రం గాడి పక్కన సుత్తి దెబ్బ చదును కనిపిస్తే, మీ సమస్య ఎక్కడ మొదలైందో మీ చేతిలోనే ఉంటుంది.

బాగుచేసే పద్ధతి ఇది. తలుపును సగం తెరిచి, గడియవైపు అంచు కింద చెక్కముక్కలు దోపి, బరువంతా వాటిమీద ఆనేట్టు చేయండి. బరువు వేలాడుతుండగా స్క్రూలు బిగిస్తే ఫలితం ఉండదు. ముందుగా ఉన్న స్క్రూలనే తగిన తలగల స్క్రూడ్రైవరుతో బిగించి చూడండి. బిగుసుకుంటే పని అక్కడితో పూర్తయినట్టే. తిరుగుతూనే ఉంటే, ద్వారబంధం గట్టి చెక్కదైతే, 30 మిల్లీమీటర్ల స్క్రూల స్థానంలో అదే లావు గల 50 మిల్లీమీటర్ల స్క్రూలు వేయడం అన్నిటికంటే తేలిక, ఎందుకంటే అవి ఇంతవరకూ తాకని చెక్కలోకి దిగుతాయి. తలుపువైపు మాత్రం తొందరపడకండి. ఫ్లష్ తలుపు అంచున ఉండే గట్టిచెక్క పట్టీ లోతు పరిమితం, కాబట్టి అక్కడ పొడవాటి స్క్రూకంటే రంధ్రం పూడ్చడమే మంచిది. రంధ్రంలో దుమ్ము ఊది, చెక్క జిగురు పోసి, టేకు లేదా వెదురు పుల్లలను సన్నగా చెక్కి, బిగువుగా పట్టినన్ని సుత్తితో మెల్లగా కొట్టి, అంచుకు సమంగా కోసి, ఒక రాత్రంతా ఆరనివ్వాలి. చాలామంది అగ్గిపుల్లలు వాడతారు. అవి మెత్తని చెక్కవి, కొంతకాలమే ఆగుతాయి. ఆరిన తరువాత సన్నని రంధ్రం వేసి, స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. ఎక్కడా సుత్తి తగలనివ్వకండి.

స్క్రూలన్నీ బిగిసిన తరువాత కూడా గడియవైపు పైమూల కొద్దిగా తగులుతూనే ఉండవచ్చు. అప్పుడు చిత్రిక కాదు, అట్టముక్క కావాలి. కిందిబందు రేకు వెనుక, ద్వారబంధంవైపు, ఒక మిల్లీమీటరు మందం గల పలక పెడితే తలుపు కిందిభాగం గడియవైపుకు జరుగుతుంది. దానితో తలుపు మొత్తం కొద్దిగా తిరిగి గడియవైపు అంచు పైకి లేస్తుంది, పైమూల ద్వారబంధం నుంచి దూరమవుతుంది. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, ఆ మందపాటి అట్టను రేకు ఆకారంలో కత్తిరించి వాడవచ్చు. తడి తగిలే తలుపులకు మాత్రం అట్ట పనికిరాదు, సన్‌మైకా ముక్క వాడాలి. ఇలా చేయడానికి ముందు కిందిమూలలో గడియవైపు తగినంత సందు ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే పైన పెరిగే సందు కింద తగ్గే సందు నుంచే వస్తుంది. ఆ వెసులుబాటు కింద లేకపోతే పైబందు కూర్చున్న గాడిని ఉలితో అర మిల్లీమీటరు లోతు చేయడం రెండవ దారి. బందు మరీ లోతైతే తలుపు చివరిదాకా మూసుకోకుండా స్ప్రింగులా వెనక్కి తంతుంది, కాబట్టి ఈ పని కొంచెం కొంచెంగా, ప్రతిసారీ తలుపు వేసి చూస్తూ చేయాలి. స్క్రూ తలలు రేకుకు సమంగా కూర్చోకుండా పైకి పొడుచుకొని ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. అప్పుడు గాడిని కాదు, స్క్రూలను సరిచేయాలి.

ఇక ఉబ్బు సంగతి. సముద్రతీర జిల్లాల్లో జూలై నుంచి అక్టోబరు, నవంబరు దాకా గాలిలో తేమ తగ్గదు. అదే తలుపు మే నెలలో ఎండి కుంచించుకుపోతుంది. వానల్లో బిగుసుకున్న తలుపుకు ఆ బిగువు పోయేదాకా చిత్రిక పడితే, ఎండాకాలంలో గడియ నాలుక ద్వారబంధం మీది పట్టీకి అందనంత సందు ఏర్పడుతుంది. అందువల్ల వానాకాలంలో ఒరుసుకున్న చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, వీలైతే సంక్రాంతి దాటేదాకా ఆగండి. గది తలుపు అసలే పడనంత బిగుసుకుంటే, సరిగ్గా తగిలేచోట మాత్రం ఉప్పు కాగితంతో గానీ, చిత్రిక సన్న పట్టుతో గానీ కొద్దిగా తీయండి. ఎండాకాలంలో కూడా ఒరుసుకునే తలుపుకు మాత్రం చిత్రిక నిజంగా అవసరం. దానికి ఆ కాలంలోనే పట్టి, వాన రోజుల కోసం మరో 2 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి.

తేమ ఎక్కడి నుంచి చేరుతోందో కూడా చూడాలి. తలుపు రెండు ముఖాలకూ రంగు వేస్తారు, ఎదురుగా కనిపించే అంచులకూ వేస్తారు. పై అంచు, కింది అంచు పచ్చి చెక్కగానే మిగిలిపోతాయి. తలుపుపైన ఒకసారి వేళ్ళతో తడిమి చూడండి, గరుకుగా, దుమ్ముతో తగిలితే మీ ఇంట్లోనూ అంతే. చెక్క తేమను అన్నిటికంటే వేగంగా పీల్చేది కోసిన చివరల నుంచే. ఇల్లు కడిగినప్పుడల్లా, గడప తుడిచినప్పుడల్లా కింది అంచు నీళ్ళు తాగుతుంది. ఫ్లష్ తలుపుల్లో ప్లైవుడ్ పొరలు అడుగున విచ్చుకోవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎండాకాలంలో తలుపు ఒకసారి విప్పి, ఆ రెండు అంచులకూ ప్రైమరు, దానిపైన రెండు పూతలు రంగు వేయించండి. ఖర్చు చాలా తక్కువ. నా ఉద్దేశంలో ఒక తలుపుకు చేయగల మేలు ఇంతకంటే పెద్దది లేదు.

చిత్రిక పట్టవలసి వచ్చినప్పుడు ఎంత తీయాలో ఊహించకండి. అంచుకు సుద్ద రుద్ది తలుపు మూసి తెరిస్తే, తగిలేచోట సుద్ద చెరిగిపోయి కనిపిస్తుంది. అక్కడ మాత్రమే తీయాలి. గడియవైపు అంచుకు తాళం బిగించి ఉంటే దానిని ముందే విప్పాలి. నిలువు అంచులు ఈనె వెంట సాఫీగా వస్తాయి గానీ, పై, కింది అంచులకు చిత్రిక పట్టేటప్పుడు ఎల్లప్పుడూ మూల నుంచి మధ్యకు నడపాలి. మూల దాటించి బయటికి తోస్తే నిలువు పట్టీ చివర పేలికలుగా చీలిపోతుంది. కొత్తగా టైల్స్ పరిచి నేల ఎత్తు పెరిగితే కింది అంచును రంపంతో కోయవలసి వస్తుంది. అప్పుడు గీత వెంట కత్తితో పైపొరను రెండు వైపులా గాటుపెట్టి, దానికి ఆనుకొని కోస్తే ప్లైవుడ్ పొర లేవదు. ఫ్లష్ తలుపులో ఏ అంచు నుంచైనా అయిదారు మిల్లీమీటర్లకు మించి తీయవలసి వస్తే ఆగి ఆలోచించాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న గట్టిచెక్క చట్రం సన్నబడి తాళానికీ బందులకూ పట్టు తగ్గిపోతుంది.

రెండవ ప్రశ్నకు వస్తాను. తనంతట తాను కదిలే తలుపులో చెక్క తప్పేమీ లేదు, బందుల కడ్డీలన్నీ ఒకే నిలువు గీతలో లేవు. పైబందు కడ్డీ దగ్గర తూకంగుండు దారం పట్టి కింది కడ్డీ దగ్గర చూస్తే ఏ వైపు ఎంత తేడా ఉందో తెలుస్తుంది. తలుపు తెరుచుకునే వైపుకు బందుల వరుస పైభాగం వాలి ఉంటే తలుపు తెరుచుకుంటుంది, వ్యతిరేకంగా వాలితే మూసుకుంటుంది. మీ తలుపు తెరుచుకుంటోంది కాబట్టి కిందిబందును ద్వారబంధం మీద తలుపు తెరుచుకునే వైపుకు 2 మిల్లీమీటర్లు జరపాలి, లేదా పైబందును దానికి వ్యతిరేక దిశలో అంతే జరపాలి. పాత రంధ్రాలు పూడ్చి కొత్తవి వేయాలి, లేకపోతే స్క్రూ పాత రంధ్రంలోకే జారిపోతుంది. మీ స్నానాలగదికి గ్రానైటు ద్వారబంధం ఉందన్నారు. అందులో 2 మిల్లీమీటర్ల పక్కన కొత్త రంధ్రం వేయడం సాధ్యం కాదు, రాయి అంచు పెళ్ళలు లేస్తుంది. అలాంటి చోట బందులను కదపకండి, కింద చెప్పే అయస్కాంతమే మార్గం. తలుపు డబ్ల్యూపీసీదైతే (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినదైతే) ముందు సన్న రంధ్రం వేసి, మర దూరదూరంగా ఉన్న లావు స్క్రూలు వాడండి. నీళ్ళకు ఆ పదార్థం ఉబ్బదు గానీ, ఒకే రంధ్రంలో స్క్రూను పదేపదే విప్పి బిగిస్తే పట్టు పోతుంది. తేడా చాలా స్వల్పమైతే ఈ శ్రమంతా అక్కరలేదు, తలుపు మూసినప్పుడు పట్టుకొనే చిన్న అయస్కాంతం బిగిస్తే చాలు.

కొత్త తలుపు బిగించడం ఒక్కరి పని కాదు, ఇద్దరుండాలి. తలుపు కొనడానికి ముందే ద్వారబంధం లోపలి వెడల్పును పైన, మధ్యలో, కింద, ఎత్తును రెండు పక్కలా కొలవండి. మూల నుంచి ఎదురుమూలకు రెండు కొలతలూ తీసుకొని పోల్చండి. ఆ రెండూ సమానంగా లేకపోతే ద్వారబంధం మూలమట్టంగా లేదు, తలుపును కూడా దానికి తగ్గట్టే గీయాలి. తలుపు వెడల్పు, కొలతల్లో అన్నిటికంటే చిన్నదానికి 5 నుంచి 6 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. పైన 3 మిల్లీమీటర్లు, కింద టైల్స్ నేలకు 6 మిల్లీమీటర్లు, తలుపు తిరిగేచోట పట్టా పరిచే అలవాటుంటే 10 నుంచి 12 మిల్లీమీటర్లు వదలాలి. గడియవైపు అంచును సమంగా ఉంచకుండా, తలుపు మూసుకునేటప్పుడు ముందుగా లోపలికి వెళ్ళే వైపు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తగ్గేలా వాలుగా చిత్రిక పట్టండి. ఈ వాలు లేకపోతే, సందు సరిపోయినా తిరిగేటప్పుడు ఆ అంచు ద్వారబంధానికి తగులుతుంది.

గది తలుపుకు 4 అంగుళాల బందులు మూడు వేయాలి. రెండుతో సరిపెట్టమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. బరువైన టేకు సింహద్వారానికి 5 అంగుళాలవి, నాలుగు వేసినా తప్పులేదు. మీది సముద్రతీరపు ఊరు కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు బందులు, వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే తీసుకోండి; ఇనుపవి ఉప్పుగాలికి త్వరగా తుప్పుపడతాయి. పైబందు తలుపు పై అంచుకు 7 అంగుళాల దిగువన, కిందిబందు కింది అంచుకు 9 లేదా 10 అంగుళాల ఎగువన ఉండాలి, మూడవది రెండింటికీ నడుమ. గొట్టం పూర్తిగా బయటికి ఉండేట్టు బందును తలుపు అంచుమీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో కాక కత్తిమొనతో గీయండి. కత్తిగీతలో ఉలి కుదురుగా కూర్చుంటుంది. గాడి లోతు సరిగ్గా రేకు మందమంతే ఉండాలి. ముందు గీత లోపల అర అంగుళానికొక గాటు ఉలితో కొట్టి, తరువాత పక్క నుంచి ఉలిని పడుకోబెట్టి పలచగా లేపితే అడుగు చదునుగా వస్తుంది.

బందులు తలుపుకు బిగించాక, దానిని ద్వారబంధంలో తెరిచిన భంగిమలో నిలబెట్టి, కింద చెక్కముక్కలు దోపి కావలసిన ఎత్తుకు తేవాలి. ఒక పట్టె కింద మరో చిన్నముక్క అడ్డంగా పెట్టి కాలితో నొక్కితే తలుపు ఒక్కో మిల్లీమీటరు లేస్తుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. బందుల స్థానాలను ద్వారబంధం మీద గీసి, గాడులు కోసి, ఒక్కో రేకుకు ఒక్క స్క్రూ మాత్రమే వేయండి, ముందు పైబందుకు. 8వ నంబరు స్క్రూకు టేకులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ముందుగా వేయాలి. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలను నేరుగా టేకులోకి తిప్పితే తల తెగిపోవచ్చు, అందుకే అదే కొలత ఇనుప స్క్రూను ఒకసారి దించి తీసి, ఆ తరువాత అసలుది వేస్తారు. ఒక్కో స్క్రూతోనే తలుపును పూర్తిగా తెరిచి మూసి, సందులు నాలుగువైపులా చూసి, తృప్తి కలిగాకే మిగతావి బిగించండి. విప్పేటప్పుడు ఇదే క్రమం తలకిందులవుతుంది: కిందిబందు ముందు, పైబందు చివర. ఆ చివరి స్క్రూ వచ్చేటప్పుడు రెండవ మనిషి తలుపును రెండు చేతులతో పట్టుకొని ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు.

గడియ, తాళం పట్టీలను తలుపు సరిగా వేలాడిన తరువాతే గుర్తించాలి. పాత తలుపులో తాళం నాలుక పట్టీలోకి దిగకపోతే, నాలుక చివర కొద్దిగా సుద్ద రుద్ది తలుపు వేస్తే పట్టీమీద ఎక్కడ తగులుతోందో కనిపిస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకు పట్టీ రంధ్రాన్ని ఆకురాయితో రాయవచ్చు, అంతకు మించితే పట్టీనే జరపాలి. మీ పడకగది తలుపుకు మాత్రం పైబందు బిగించేదాకా పట్టీ జోలికి వెళ్ళకండి. తలుపు లేచిన తరువాత నాలుక దానంతట అదే రంధ్రానికి ఎదురుగా రావచ్చు. బందులు కిర్రుమంటే కొబ్బరినూనె వేయకండి, అది దుమ్ముపట్టి జిగటగా మారుతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గొట్టం పైభాగంలో వేసి, తలుపును పదిసార్లు తిప్పి, కారినది గుడ్డతో తుడిచేయండి.